బల్లలు చేసిన ఆచారి గారి నుంచి ఇసుక జల్లించిన పెద్దమ్మ దాకా

అందరికీ పాస్క (ఈస్టర్) పండుగ వందనాలండి.

మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలున్న తొమ్మిది కతోలిక కుటుంబాలం కలిసి నడుపుకునే ఇంటిబడి జట్టు మాది. అందరం నరసాపురం కాలువ పక్క ఊళ్లవాళ్లమే. మంగళవారం, శుక్రవారం తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా విచారణ (చర్చి పారిష్) హాల్లో కలుస్తాం, మిగతా చదువు ఎవరింట్లో వాళ్లదే. జూన్‌లో మొదలైన మొదటి ఏడాది ఈ నెలతో అయిపోతోంది. సాయం చేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు చెప్పుకునే ఉత్తరం ఇది. వాళ్లలో ఎక్కువమంది పేర్లు వద్దన్నారు. అందుకని ఎవరు ఏం చేశారో, అది ఎందుకు పనికొచ్చిందో మాత్రం వివరంగా రాస్తున్నాం. ఇంకో ఊళ్లో ఎవరైనా ఇలాంటిది పెట్టుకుంటే వాళ్లకూ ఉపయోగపడుతుంది.

ముందు విచారణ గురువులకు, అంటే మా చర్చి ఫాదర్ గారికి. హాలు ఇవ్వడం ఒక ఎత్తు, దానికి ఆయన పెట్టిన షరతులు ఇంకో ఎత్తు. పెళ్లయినా, భూస్థాపన కూడికయినా హాలు పావుగంటలో ఖాళీ కావాలన్నారు. దాంతో గోడ అల్మారాల ఆలోచన మానేసి సామానంతా నాలుగు ట్రంకు పెట్టెల్లో సర్దేలా చేసుకున్నాం. అదే మంచిదయింది. మన డెల్టా ఊళ్లలో నీరు పైపైనే ఉంటుంది, వానాకాలంలో గోడలకు నడుమెత్తు దాకా చెమ్మెక్కుతుంది. గోడకానించి పెట్టిన పుస్తకాలకు నెలలో బూజు పడుతుంది. పెట్టెలు ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచాలి. ఇటుకల్ని పదిహేను రోజులకోసారి తిరగేసి చెదలు చూడాలి.

రెండో షరతు జపాలు, సత్యోపదేశం (పిల్లలకు చెప్పే మత పాఠాలు) గురించి. పిల్లలకు మొదటి బోధకులు తల్లిదండ్రులేనని రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28 నాటి విద్యా ప్రకటనలో చెప్పింది. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 914వ అధికరణం ప్రకారం ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కు) పిల్లల్ని సిద్ధం చేసే బాధ్యత ముందు తల్లిదండ్రులది, వాళ్లతోపాటు విచారణ గురువులది. కాబట్టి ఇంట్లో ఎంత నేర్పినా ఆరు నిండిన పిల్లల పేర్లు విచారణ సత్యోపదేశ రిజిస్టర్లో ఉండాలని ఫాదర్ గారు ముందే చెప్పారు. ఏడేళ్లకు పిల్లలకు తెలివి వచ్చినట్టేనని 97వ అధికరణం లెక్క. పేరు రాయించకుండా ఆఖర్లో వెళితే జ్ఞానస్నాన (బాప్తిస్మం) పత్రం కోసం పరుగులు తప్పవు, మరీ ముఖ్యంగా జ్ఞానస్నానం పుట్టింటి విచారణలో జరిగి ఉంటే.

జపాల మాటలు సరిచేసిన ఉపదేశి గారికి (విచారణలో మత పాఠాలు చెప్పే ఆయనకు) ప్రత్యేకంగా. మన దగ్గర ఒకే ఇంట్లో కతోలికులు, లూథరన్లు ఉండడం మామూలే. అమ్మమ్మ దగ్గర ఒక పరలోక జపం, నాన్నమ్మ దగ్గర ఇంకొకటి. నాలుగేళ్ల పిల్లలు రెండూ కలిపేస్తారు. ఉపదేశి గారు పరలోక జపం, మంగళవార్త జపం (మరియమ్మకు చెప్పేది), త్రికాల జపం (రోజుకు మూడు వేళల్లో చెప్పేది) మన విచారణలో చెప్పే మాటల్లోనే పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఆయన పట్టుకున్న ఇంకో తప్పు మాకు తట్టనే లేదు. బజారులో దొరికే పది ఆజ్ఞల చార్టుల్లో చాలావాటిలో అంకెలు మనవి కావు. విగ్రహాల మాటను ఆ చార్టుల్లో రెండో ఆజ్ఞగా లెక్కిస్తారు, మనం మొదటిదాంట్లోనే చేరుస్తాం. అక్కడ ఒకటిగా లెక్కించే పదోదాన్ని మనం తొమ్మిది, పది అని విడదీస్తాం. తల్లిదండ్రుల్ని గౌరవించమన్నది మనకు నాలుగోది, ఆ చార్టులో ఐదోది. పిల్లాడు చార్టు చూసి బట్టీపట్టి సత్యోపదేశ పరీక్షలో తప్పు చెబుతాడు. బైబిలు పుస్తకాల చార్టూ అంతే. అందులో 66 ఉంటాయి, మనకు 73. పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27. కొనేముందు లెక్కపెట్టుకోండి.

ఆచారి గారికి రుణం ఎలా తీర్చాలో తెలియడం లేదు. చెక్కకు మాత్రమే డబ్బు తీసుకున్నారు. కొలతలు ఇవి: మూడు నాలుగేళ్లవాళ్లకు పీట ఎత్తు 10 అంగుళాలు, బల్ల 18. ఐదు నుంచి ఏడేళ్లవాళ్లకు పీట 12, బల్ల 20. పీటకు, బల్లకు మధ్య 8 అంగుళాలు ఉంటే మోచేయి బల్ల మీద తేలిగ్గా ఆనుతుంది. పాదాలు నేలకు ఆనకపోతే పిల్ల ఐదు నిమిషాలు కూడా కుదురుగా ఉండదు. దాన్ని మనం అల్లరి అనుకుంటాం. మామిడి చెక్క చవకే కానీ పురుగు పడుతుంది, అందుకే వేప వాడారు. కొబ్బరి చెక్క మన దగ్గర కావలసినంత ఉన్నా అంచున పీచు లేచి చేతుల్లో గుచ్చుకుంటుందని వద్దన్నారు. మూలలన్నీ గుండ్రంగా కోశారు.

ఇప్పుడు అక్షరాలు. రిటైరైన తెలుగు మాస్టారు గారు, ఇసుక జల్లించిన పెద్దమ్మ గారు, ఈ ఇద్దరి పనీ ఇక్కడ కలిసింది.

ఉప్పుకాగితం అక్షరాల సంగతి మాంటిస్సోరి పద్ధతి తెలిసినవాళ్లకు కొత్త కాదు. తెలుగుకు మార్చుకునేటప్పుడే చిక్కు. కంప్యూటర్లో అచ్చేసిన అక్షరాన్ని కత్తిరిస్తే చేతిరాతలో గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో తెలియదు. మాస్టారు గారు ఒక్కో అక్షరాన్ని నాలుగంగుళాల ఎత్తున చేత్తో రాసి, మొదలయ్యే చోట చుక్క, తిరిగే చోట బాణం పెట్టి ఇచ్చారు. 120 నంబరు కాగితం సరిపోతుంది. 60 నంబరుదైతే వేలిని గీరుతుంది, 220 నంబరుదైతే గరుకే తెలియదు. అట్ట మీద అతికిస్తే ఆగస్టుకల్లా వంకర తిరుగుతుంది, పలుచని ప్లైవుడ్ ముక్కలే మేలు. ఫెవికాల్ రాశాక ఒక రాత్రంతా బరువు కింద ఉంచాలి. ముసురు రోజుల్లో రెండు రాత్రులు.

అన్నిటికంటే మేలు చేసింది తలకట్టు గురించి ఆయన చెప్పిన కిటుకు. తలకట్టును అక్షరానికి అంటించకుండా విడి ముక్కగా చెయ్యమన్నారు. గుడి పెడితే తలకట్టు తీసేయాలి, కొమ్ము పెడితే ఉంచాలి. ‘కి’లో పోతుంది, ‘కు’లో ఉంటుంది. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. చేత్తో ఆ ముక్క తీసి గుడి పెట్టిన పిల్లలు గుణింతం దగ్గర తడబడరు. అ, ఆలతో మొదలుపెట్టొద్దని కూడా ఆయనే అన్నారు. చిన్న చేతికి ‘అ’లోని మెలికలు కష్టం. ర, ట, ప, న లాంటివి ముందు, వాటితో చిన్న మాటలు, ఆ తర్వాతే వరుస. ఈ మాటకు కొంతమంది తాతగార్లు ఒప్పుకోరు లెండి. ఓనమాలు పాటలా నోటికి వస్తే వాళ్లకు తృప్తి. నోటికి వరుస, చేతికి ఈ క్రమం అని రాజీ కుదిరింది.

ఇసుక పళ్లేలకు పెద్దమ్మ గారు గోదావరి ఇసుకను మూడు నీళ్లలో కడిగి, రెండు ఎండలకు ఆరబెట్టి, పిండి జల్లెడలో జల్లించి డబ్బాలకు పోసిచ్చారు. ఒక్కో పళ్లేనికి కిలో చాలు, అర అంగుళం మందం. ఎక్కువ పోస్తే గీసిన గీత పూడిపోతుంది. రవ్వకు చీమలు పడతాయి, ఉప్పు మన గాలికి నీరు కారుతుంది. ఇసుకే నయం. పళ్లెం అడుగున ముదురు నీలం కాగితం వేస్తే అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది.

లేసు పని చేసే అక్కలు చిన్న బలిపీఠం గుడ్డకు అంచు అల్లారు, పూజా సంవత్సరం చక్రానికి (ఏడాదిలోని ఆదివారాలను చర్చి కాలాల రంగుల్లో చూపే చక్రానికి) రంగు గుడ్డలు కుట్టారు. ఈ చక్రం చేయాలనుకునేవాళ్లు 52 ముక్కలు కోసి అంటించేయకండి. ఈ పూజా సంవత్సరం 2025 నవంబరు 30న మొదలైంది, ఆదివారాలు 52. 2022 నవంబరు 27న మొదలైనదానికి 53 ఉన్నాయి. పాస్క పండుగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు, ఈసారి ఏప్రిల్ 5న వచ్చింది. దాన్నిబట్టి సామాన్య కాలం పచ్చ ముక్కలు తపస్సు కాలానికి (పాస్కకు ముందు వచ్చే ఉపవాస కాలానికి) ముందు కొన్ని, పెంతెకోస్తు (పాస్క కాలం ముగిసే పండుగ) తర్వాత కొన్ని అటూ ఇటూ జరుగుతాయి. అందుకే అక్కలు చక్రం చుట్టూ 53 జేబులు కుట్టి, ముక్కలు విడిగా ఇచ్చారు. ఈ ఏటి లెక్క: ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వారాలు) 4, క్రిస్మస్ కాలం 3, సామాన్య కాలం ముందు 5, తపస్సు కాలం 6, పాస్క కాలం 7, పెంతెకోస్తు 1, ఆ తర్వాత 26. ఊదా ముక్కల్లో ఆగమన కాలపు మూడోదానికి, తపస్సు కాలపు నాలుగోదానికి గులాబి రంగు వేయొచ్చు. డిసెంబరు 14, మార్చి 15 అవే. మ్రానికొమ్మల (మట్టల) ఆదివారం ఎరుపు. ఆఖరి 26లో అన్నీ పచ్చవి కావు. త్రిత్వం పండుగ, క్రీస్తు రాజు పండుగ లాంటివి తెలుపు. 2026 నవంబరు 1 ఆదివారమే కాబట్టి ఆనాటి సకల పునీతుల పండుగా తెలుపే.

ఆగమన కాలం చుట్టకు (వారానికొకటి చొప్పున కొవ్వొత్తులు వెలిగించే పచ్చ కొమ్మల వలయానికి) సరుగుడు కొమ్మలు అంతర్వేది వైపు నుంచి తెచ్చిచ్చిన ఆటో అన్నయ్యకు కూడా. సరుగుడు వారానికల్లా ఎండి, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నాలుగు శనివారాలూ కొత్త కొమ్మ వేయాలి. కింద ఇత్తడి పళ్లెంలో తడి ఇసుక, పక్కన చెంబుతో నీళ్లు. ఆయన నాలుగుసార్లూ తెచ్చారు.

మిషన్ ఆసుపత్రి నర్సమ్మ గారు ఒక మధ్యాహ్నమంతా తల్లులకు, తండ్రులకు గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో నేర్పారు. ఏడాది దాటిన పిల్లలకు వీపు మీద భుజాల మధ్య ఐదు దెబ్బలు, తర్వాత పొట్టపైన ఐదు నొక్కులు, మళ్లీ మళ్లీ, ఒకరు 108కి ఫోన్. ఏడాది లోపు పాపలకు పొట్ట నొక్కకూడదు, దాని బదులు రొమ్ము ఎముక మీద నొక్కాలి. జట్టు సామానంతా తిరగేసి ఆమె పక్కన పెట్టించినవి రెండు. వామనగుంటల్లో వేసిన గురివింద గింజలు మొదటివి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ నమిలితే ప్రాణానికే ముప్పు. వాటి స్థానంలో చింతపిక్కలు వచ్చాయి. రెండోది జపమాల గుచ్చే చిన్న పూసలు. 59 పూసల మాల ఈ వయసుకు అక్కర్లేదు. పది మంగళవార్తలకు పది, పరలోక జపానికి ఒకటి, అన్నీ పెద్ద పూసలే. గేలం దారం ముడి జారిపోతుంది, లేసు దారం మూడు పేటలు పేనితే నిలుస్తుంది. మూడేళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చిన రోజున చింతపిక్కలు, పూసలు పెట్టెలోంచి తీయరాదు.

కాలువ గట్టు వైపు గేటుకు పైన గడియ బిగించిన ఇనుప పని తమ్ముడికి. గడియ నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంది, మూడు నాలుగేళ్ల పిల్లలకు అందదు. గడియ ఉన్నా గేటు దగ్గర ఒక పెద్ద మనిషి కూర్చోవాల్సిందే. ఆ మనిషికి ఆ పూట వేరే పని, ఫోన్ ఉండవు.

హైస్కూలు హెడ్మాస్టారు గారు, అంగన్‌వాడీ టీచరమ్మ గారు కాగితాల దారి చూపించారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు వర్తిస్తుంది. ఆరు దాటిన పిల్లల్ని తర్వాత బడిలో చేర్చాలనుకుంటే నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)లో ఎ, బి, సి స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. బడి బయట పిల్లల సర్వేకి వచ్చినవాళ్లతో వాదించొద్దని, పుట్టిన తేదీ పత్రం, ఆధార్, పిల్ల రాసిన నోటు పుస్తకాలు చూపించమని హెడ్మాస్టారు గారి సలహా. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు బడిలో పేరున్న పిల్లలకే వస్తుంది. ఇది ముందే లెక్కేసుకోకపోతే ఇంట్లో గొడవ. ఆరు నిండనివాళ్లను అంగన్‌వాడీలోనే నమోదు చేసి ఉంచారు, బరువు, టీకాల లెక్క అక్కడే సాగుతోంది.

డబ్బు సంగతిలో పాల కేంద్రం లెక్కలు చూసే బాబాయ్ గారి మాట మమ్మల్ని నిలబెట్టింది. పిల్లకు ఇంత అని కాకుండా ఇంటికి ఇంత అని నెలకు 300. తలకింత అంటే నలుగురు పిల్లలున్న ఇల్లు మెల్లగా తప్పుకుంటుంది. నెలాఖరున జమాఖర్చు హాలు గోడ మీద.

చక్కెరకేళి గెలలు పంపిన రైతు అన్నలకు, జూలై ముసురులో హాలు తడి తుడిచిన అమ్మలకు, ఒక్క శుక్రవారమూ మానకుండా మంచినీళ్ల డబ్బా మోసుకొచ్చిన కుర్రాళ్లకు పేరుపేరునా.

అరువిచ్చిన ఏడు పీటలు తుడిచి హాలు వరండాలో పెట్టాం, ఎవరివి వాళ్లు ఆదివారం బలిపూజ తర్వాత తీసుకెళ్లండి. మ్రానికొమ్మల ఆదివారం నాడు పిల్లలందరికీ సరిపడా పులిహోర తెచ్చిపెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్ల మూడు గిన్నెల స్టీలు క్యారేజీ కూడా అక్కడే ఉంది. కడిగే ఉంచామండి.