వెనక లైటు పోయిందని ముందున్న డ్రైవర్‌కి తెలిసేదెలా? కేంద్ర రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను చెన్నై మాధవరంలో, మణలికి పోయే రోడ్డు పక్కన, ట్రైలర్ లారీలకు వైరింగ్ పని చేసే ఎలక్ట్రీషియన్ని. మా తాత సూళ్లూరుపేట నుంచి వచ్చి తిరువొత్తియూరులో స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, షెడ్డులో సగం తెలుగు సగం తమిళం. మీ ఆఫీసుకి పంపిన కాపీ మా అమ్మాయి హిందీలో రాసిపెట్టింది. దీన్ని తెలుగులో కూడా పెడుతున్నది, కృష్ణపట్నం, నెల్లూరు వైపు నుంచి ఎన్‌హెచ్ 16 మీద కంటైనర్లు తెచ్చే మా డ్రైవర్లు చదువుతారని.

పోయిన నవంబరు వానల్లో మా బావమరిది కాటుపల్లి పోర్టులో కంటైనర్ ఎక్కించుకుని రాత్రిపూట శ్రీపెరుంబుదూరు బయల్దేరాడు. మీంజూరు దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవేలోకి దిగి టీకి ఆగాడు. వెనకే వచ్చిన కారతను దిగి, "అణ్ణా, పిన్నాడి ఒరు లైటుమ్ ఎరియల!" అని కేకలేశాడట. వెనక ఒక్క లైటూ వెలగడం లేదని. అంత దూరం, ఆ వానలో, నలభై అడుగుల పెట్టె చీకట్లో పోతోంది. రిఫ్లెక్టర్ టేపు ఉంది కానీ బురద పట్టి కనపడకుండా పోయింది. నేను ఫోన్లో గట్టిగానే తిట్టాను. వాడన్న మాట ఒక్కటే: "బావా, ముందర అన్నీ బాగానే వెలుగుతున్నాయి. వెనక సంగతి నాకెవరు చెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

మర్నాడు నేనే వెళ్లి చూశాను. ముందు బండికీ ట్రైలర్‌కీ మధ్య వేలాడే చుట్ల కేబుల్‌ చివర ఏడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఒకటో పిన్ను తెల్ల తీగ, అది ఎర్త్, అంటే లైట్లన్నిటి కరెంటూ తిరిగి పోయే దారి. మూడు పసుపు, ఎడమ ఇండికేటర్. నాలుగు ఎరుపు, బ్రేక్ లైటు. ఐదు పచ్చ, కుడి ఇండికేటర్. రెండు, ఆరు టెయిల్ లైట్లు. ఆ తెల్ల తీగ పిన్ను చిలుము పట్టి పచ్చగా మారిపోయి ఉంది. ఎర్త్ పోతే ఏ లైటుకీ సరైన దారి లేదు. ఇన్నాళ్లూ ఎలా నడిచిందంటే, ముందు బండి మీద ట్రైలర్ కూర్చునే పళ్లెం (ఫిఫ్త్ వీల్), అందులో దిగే ట్రైలర్ గూటం (కింగ్‌పిన్), ఈ రెండింటి ఇనుము ఒకదానికొకటి తగిలి అంతో ఇంతో ఎర్త్ అందుతుండేది. కొత్తగా గ్రీజు దట్టంగా పూసేసరికి అదీ పోయింది. గ్రీజు పూసినవాడిది తప్పు కాదు, పూయాల్సిందే.

ముందు బండికి తన వెనక ట్రైలర్ ఉందో లేదో, దాని లైట్లు వెలుగుతున్నాయో లేదో తెలుసుకునే దారి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు సార్. నేను పని నేర్చుకునేటప్పుడే ఇండికేటర్లను కొట్టుకునేలా చేసే కొన్ని ఫ్లాషర్ రిలేల మీద '2+1 x 21 వాట్స్' అని ముద్ర ఉండేది. రెండు బల్బులు బండివి, ఒకటి ట్రైలర్‌ది. దానికి సీ2 అని ఒక టెర్మినల్. అక్కణ్ణుంచి డాష్‌బోర్డు మీద చిన్న పచ్చ లైటుకి తీగ లాగుతారు. ట్రైలర్ బల్బు కూడా కలిసినప్పుడు ఫ్లాషర్ గుండా పోయే కరెంటు పెరుగుతుంది, అప్పుడే ఆ పచ్చ లైటు కొట్టుకుంటుంది. ట్రైలర్ తీసేసినా, దాని బల్బు మాడిపోయినా ఆ లైటు కొట్టుకోదు. అంతే, ఇంత చిన్న విషయం. నా దగ్గరికి వచ్చే బండ్లలో ఆ టెర్మినల్‌కి తీగే లేని వాటిని లెక్కపెట్టడం మానేశాను.

యూరప్ దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ నంబరు నిబంధనలో ఇది రాసే ఉంది. ట్రైలర్ లాగే బండిలో ట్రైలర్ ఇండికేటర్ల కోసం విడిగా ఒక సూచిక లైటు ఉండాలి, లేదా ఉన్న లైటే బండి, ట్రైలర్ కలిసిన మొత్తం జతలో ఏ ఇండికేటర్ పోయినా పట్టివ్వాలి.

ఇప్పటి బండ్లలో పని ఇంకా నాజూగ్గా జరుగుతుంది. లైట్లన్నీ ఒక కంట్రోల్ మాడ్యూల్ చేతిలో ఉంటాయి. కొన్ని మాడ్యూళ్లు ఇగ్నిషన్ వేయగానే సాకెట్‌లోని తీగల మీదికి కొన్ని మిల్లీసెకన్ల పాటు కరెంటు వదిలి చూస్తాయి. కంటికి కనపడదు. ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ వేడెక్కినప్పటి దాంట్లో సుమారు పదోవంతు. కాబట్టి ఆ క్షణకాలంలోనే కరెంటు దబ్బున లాగుతుంది. 'ఓహో, వెనక బల్బుంది, అంటే ట్రైలర్ ఉంది' అని మాడ్యూల్ తేల్చుకుంటుంది. ఆ తర్వాత రివర్స్ సెన్సర్లు ఆపేస్తుంది, వెనక ఫాగ్ ల్యాంపు ఆపేస్తుంది, ట్రైలర్ ఊగితే సరిదిద్దే ఏర్పాటున్న బండైతే దాన్ని సిద్ధం చేస్తుంది. ఇంత తెలివి అంతా ఒక బల్బు తాగే కరెంటు మీద ఆధారపడి ఉంది.

ఎల్‌ఈడీలు వచ్చాక చిక్కు మొదలైంది. 24 వోల్టుల లారీలో 21 వాట్ల బల్బు 0.875 ఆంపియర్లు లాగుతుంది. అదే చోట పెట్టిన ఎల్‌ఈడీ అందులో చిన్న వంతే లాగుతుంది. అందుకే కొన్నిసార్లు వెనక ట్రైలర్ నిలబడి ఉన్నా మాడ్యూల్ 'ఏమీ లేదు' అంటుంది. ఇంకొన్నిసార్లు ఆ పరీక్ష కరెంటుకే ఎల్‌ఈడీ మిణుకు మిణుకుమంటుంది. రాత్రి షెడ్డులో అది చూసి మా కుర్రాడు దెయ్యం లైటన్నాడు.

ఈ చిక్కులో నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ముట్టుకాడు దగ్గర పడవ నడిపే ఒకాయన తన పెద్ద కారుకి చిన్న పడవ ట్రైలర్ తగిలించుకుని వచ్చాడు. ట్రైలర్‌కి ఎల్‌ఈడీ లైట్లు. కారుకి ట్రైలర్ ఉన్నట్టే తెలియడం లేదు. రివర్స్ గేరు వేస్తే చాలు, ట్రైలర్నే గోడ అనుకుని ఒకటే కూత. నేను అందరూ చేసేదే చేశాను: ప్రతి ఎల్‌ఈడీకీ పక్కన, బల్బులా కరెంటు తాగడానికి, ఒక రెసిస్టర్ కట్టాను. 12 వోల్టుల మీద 21 వాట్లు తాగాలంటే దాదాపు 7 ఓమ్‌లు. కారు వెంటనే ట్రైలర్‌ని గుర్తుపట్టింది, ఆయన సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లాడు. వారం తిరక్కుండా వచ్చాడు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు ట్రాఫిక్‌లో, తిరువాన్మియూరు సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు తియ్యకుండా నిలబడితే ఆ రెసిస్టర్ వేడికి లైటు వెనక ప్లాస్టిక్ డబ్బా కరిగి వంకరపోయింది. ఆ 21 వాట్లూ వేడిగానే కదా పోవాలి! తర్వాత రెసిస్టర్లను రేకు మీదికి మార్చి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు. కరెంటు మిగులుతుందని ఎల్‌ఈడీ పెట్టుకుని, అది ఎల్‌ఈడీ అని కారుకి తెలియకుండా మళ్లీ అంత కరెంటూ తగలెయ్యడం ఏం పని? కానీ రోడ్డు పక్క షెడ్లలో ఇవాళ జరుగుతున్నది ఇదే.

దీనికి మందు కూడా ఉన్నదే. యూరప్‌లో కార్ల ట్రైలర్లకు వాడే 13 పిన్నుల సాకెట్‌లో 12వ పిన్నును 'ట్రైలర్ తగిలించి ఉంది' అని చెప్పడం కోసం కేటాయించారు. కొన్ని సాకెట్లలో ప్లగ్గు దూర్చగానే నొక్కుకునే చిన్న స్విచ్చి ఉంటుంది. అప్పుడు బల్బు ఎంత తాగుతోందో ఊహించాల్సిన పని మాడ్యూల్‌కి ఉండదు.

అలాగని పిన్ను ఒక్కటే చాలదు. మా బావమరిది బండిలో ప్లగ్గు గట్టిగానే ఉంది, లోపల ఎర్త్ లేదు. అలాంటప్పుడు కరెంటు దొంగదారి పడుతుంది. బ్రేకు నొక్కితే, బ్రేక్ లైటులోంచి వచ్చిన కరెంటు ఎర్త్ దొరక్క, పక్కనున్న టెయిల్ లైటు ఫిలమెంట్లోకి ఎదురెక్కి, ఆ తీగ వెంబడి ముందు బండికి వచ్చి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్లు మసగ్గా వెలగడం, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కొట్టుకోవడం మీరూ హైవే మీద చూసే ఉంటారు. కరెంటు పోతోందా లేదా అని మాత్రమే చూసే యంత్రం ఇక్కడ మోసపోతుంది. ఎంత పోతోందో చూడాలి. 24 వోల్టుల బండిలో రెండు బ్రేక్ లైట్లు కలిపి 1.75 ఆంపియర్లు లాగాలి. అందులో సగమే ఉంటే ఒక బల్బు పోయినట్టు, ఇంకా చిత్రంగా ఉంటే ఎర్త్ పోయినట్టు.

కాబట్టి నేను అడిగేది ఇది. కొత్తగా తయారయ్యే ప్రతి ట్రైలర్ లాగే బండి డాష్‌బోర్డులో వెనక ట్రైలర్ ఉందనీ, దాని బ్రేక్, టెయిల్, ఇండికేటర్ లైట్లు వెలుగుతున్నాయనీ చెప్పే సూచిక తప్పనిసరి చెయ్యండి. ఫిలమెంట్ బల్బునీ ఎల్‌ఈడీనీ రెండింటినీ అది గుర్తుపట్టాలి. అందుకు ట్రైలర్ ఎల్‌ఈడీ లైటు కనీసం ఎంత కరెంటు లాగాలో, లేదా ఏ పిన్ను ద్వారా తన ఉనికి చెప్పాలో రాతపూర్వకంగా తేల్చండి. అది తేలనంతకాలం బండి చేసేవాడు ఒక లెక్క, ట్రైలర్ కట్టేవాడు ఒక లెక్క వేసుకుంటారు, మధ్యలో రెసిస్టర్ కట్టేది నేను. పరీక్షలు ఎక్కడ అంటే, మాకు దగ్గర్లోనే ఒరగడంలో కేంద్ర ప్రభుత్వం కట్టిన వాహన పరీక్షా కేంద్రం ఉంది.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) సంగతి కూడా చూడండి. ముందు బండికి ఒక రిజిస్ట్రేషన్, ట్రైలర్‌కి ఇంకొకటి. ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీ. ఆ రోజు నా దగ్గరికి వచ్చి ప్లగ్గు తోమించుకుని, బల్బులు వేయించుకుని వెళ్తారు. కానీ పోర్టు పనిలో ఇవాళ ఒక ట్రైలర్, రేపు ఇంకో ట్రైలర్. ఎఫ్‌సీ రోజు జత కట్టింది వేరు, మణలి రోడ్డు మీద జత కట్టేది వేరు. అందుకే పరీక్ష ముందు బండిలోనే, రోజూ, తాళం తిప్పగానే జరగాలంటున్నాను. ఎఫ్‌సీలో మాత్రం ఆ సూచిక పనిచేస్తోందా అని, ఒక బల్బు ఊడదీసి చూస్తే సరిపోతుంది. రెండు నిమిషాల పని.

ఇంకొక్క మాట, రూలు రాసేవాళ్ల కోసం. లైట్ల ద్వారా ట్రైలర్‌ని గుర్తుపట్టడం అంటే తీగలు కలిశాయని మాత్రమే. ఫిఫ్త్ వీల్ లాక్ పడిందని కాదు. డాష్‌బోర్డులో ట్రైలర్ బొమ్మ వెలిగింది కదా అని దిగి లాక్ చూడకుండా బండి లాగే కుర్రాళ్లు రేపు తప్పకుండా తయారవుతారు. ఆ బొమ్మ పక్కన ఏ మాట రాయాలో ఆలోచించి రాయించండి.

మీ అధికారులు ఎవరైనా ఇదంతా కళ్లతో చూడాలనుకుంటే మా షెడ్డు ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. చిలుము పట్టిన ఆ ప్లగ్గు మార్చేశాను కానీ పారెయ్యలేదు, బల్ల సొరుగులో ఉంచాను.

ఇట్లు,
మాధవరం నుంచి ఒక ట్రైలర్ ఎలక్ట్రీషియన్
చెన్నై