తిన్నాక వేసుకుంటే సరిపోయిందా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో నొప్పి మాత్రల మీద వచ్చిన ముక్క చదివి ఐదు రోజులైంది. రాయాలా వద్దా అని ఊగిసలాడి, ఇక ఉండబట్టక ఇవాళ రాస్తున్నాను. ఐబుప్రొఫెన్ గురించి అందులో ఉన్నవి మొత్తం నాలుగు వాక్యాలు. జాగ్రత్త అని చెప్పింది ఒక్కటే, పరగడుపున వేసుకోవద్దని. పక్కన మోకాలు పట్టుకుని నవ్వుతున్న ఒకావిడ ఫొటో మాత్రం పావు పేజీ. మోకాలు నొప్పెడుతుంటే ఎవరు నవ్వుతారో నాకు తెలీదు, సరే, అది వేరే సంగతి.

ఈ 'తిన్నాక వేసుకోండి' అన్న మాటే కొంప ముంచుతోందండీ. ఏదో కాస్త తినేస్తే ఇక ఎన్ని వేసుకున్నా ఏమీ కాదన్న ధైర్యం వచ్చేస్తోంది జనానికి. మాత్ర కడుపులో పడి చేసే నష్టం కొంతే, అసలు కథ అది రక్తంలో కలిశాక మొదలవుతుంది. నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఈ మందు ఒంట్లో తయారు కానివ్వదు, అందుకే నొప్పి తగ్గుతుంది. అయితే కడుపు లోపలి పొరని యాసిడ్ నుంచి కాపాడేవీ, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ కూడా అవే. ఇది మోకాలు, అది కడుపు అని మందుకి తేడా తెలీదు కదా. అందుకే ఈ జాతి మందులు ఇంజెక్షన్‌గా తీసుకున్నా అల్సర్ రావచ్చు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ ఫొటోలో రెండంగుళాలు తగ్గిస్తే సరిపోయేది.

ఇంత కోపం దేనికంటే, మా ఇంట్లో జరిగింది కాబట్టి. మా నాన్నగారికి 72 ఏళ్ళు. బీపీకి రెండు మాత్రలు వాడతారు, అందులో ఒకటి మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది. నడుం నొప్పికని ఆయనే ఐబుప్రొఫెన్ తెచ్చుకుని, మాకు చెప్పకుండా రెండు వారాలు వాడారు. తినకుండా ఒక్కరోజు కూడా వేసుకోలేదు, ఆ నియమం మాత్రం తప్పలేదు! ఈలోగా విరేచనాలు పట్టుకున్నాయి, ఒళ్ళు నొప్పులంటూ ఇంకో మాత్ర మొదలుపెట్టారు. తీరా చూస్తే అదీ ఐబుప్రొఫెనే, పారాసిటమాల్‌తో కలిపింది. పేరు వేరు, డబ్బా రంగు వేరు, లోపల సరుకు మాత్రం అదే. మూడో రోజుకి మూత్రం దాదాపు ఆగిపోయింది, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 4 దాటింది. డయాలసిస్ దాకా పోకుండా బయటపడ్డారు, అంతవరకు నయం. "తిన్నాకే వేసుకున్నాను కదమ్మా" అని మంచం మీద నుంచి ఆయన అంటే నాకు నోట మాట రాలేదు.

కొన్ని రకాల బీపీ మందులు, మూత్రం వచ్చే మాత్ర, వాటి మీద ఈ నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీలకి ముప్పనీ, ఒంట్లో నీరు తగ్గితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుందనీ వైద్యులకి కొత్తగా తెలిసిన విషయం కాదు. బీపీ మందు రాసినాయన చెప్పలేదు, మాత్ర అమ్మినాయన అడగలేదు, మేమూ పట్టించుకోలేదు. తిలా పాపం తలా పిడికెడు.

పైగా మీ రచయిత, డాక్టర్ చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టి ఇది 'సురక్షితం' అని సెలవిచ్చారు. బ్రిటన్‌లో 1983లో, అమెరికాలో 1984లో చీటీ లేకుండా అమ్మడానికి ఒప్పుకున్నది తక్కువ డోసుకి, అదీ కొద్ది రోజులు వాడుకోవడానికి. పెద్దవాళ్ళు సొంతంగా వాడుకుంటే రోజుకి 1200 మి.గ్రా. దాటకూడదు, అంటే 400 మి.గ్రా. మాత్రలు మూడు. నొప్పి పది రోజులకీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. గుండెపోటు, పక్షవాతం ముప్పు గురించి అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరికని ఇంకా గట్టిగా రాయించింది. గర్భిణులు ఇరవయ్యో వారం నుంచి డాక్టర్ చెబితే తప్ప వాడొద్దని 2020లో చెప్పింది. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ వాడేవాళ్ళయితే ఇది ఆ ఆస్పిరిన్ పనికే అడ్డుపడొచ్చు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో అసలు ముట్టుకోకూడదు, రక్తస్రావం భయం. మలం తారులా నల్లగా వస్తే మాత్ర ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇవన్నీ ఏ రహస్య ఫైల్లోనో లేవు, డబ్బాలోని కాగితంలో చాలావరకు ఉన్నాయి. కాకపోతే ఆ అక్షరాలు చీమలకి కూడా చత్వారం తెప్పించేంత ఉంటాయి. చదవగలిగే సైజులో వేయించలేని అధికారులు అవగాహన వారోత్సవాలకి మాత్రం బ్యానర్లు ఎంత పెద్దవి కడతారో! అక్షరాలు పెద్దవి చేయడం వాళ్ళకి చేతకాక కాదన్నమాట.

ఇదివరకు ఇలాంటివి అచ్చేసే ముందు మీ పత్రికలో ఒక డాక్టర్ చూసేవారనుకుంటా. ఇప్పుడు ఎవరు చూస్తున్నారో, అసలు చూస్తున్నారో లేదో తెలీదు. వచ్చే ఆదివారం అదే పేజీలో, ఆ ఫొటో అంత సైజులోనే సవరణ వేయండి. ఆవిడ నవ్వకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు