పఠన విభాగం వార్షిక నివేదిక: 1950ల నాటి ఐర్లండ్ సొలిసిటర్లు

సభ్యులందరికీ నమస్కారం.

డబ్లిన్‌లో లా చదివిన తెలుగువారంటే మనకు ముందుగా వి.వి. గిరిగారే గుర్తొస్తారు. 1913లో వచ్చారు, 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటు తర్వాత వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆయనది కోర్టులో వాదించే బారిస్టర్ల దారి. కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఎంచుకున్నది మాత్రం, ఊళ్ళో ఆఫీసు పెట్టుకుని రైతుల దస్తావేజులు, వీలునామాలు చూసుకునే సొలిసిటర్ల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి 1962 దాకా వాళ్ళను ఇబ్బంది పెట్టిన విషయాలేమిటో చదివాం.

మొదటి సమావేశాలు నేపథ్యంతోనే సరిపోయాయి. వీళ్ళ సంస్థ ఇన్‌కార్పొరేటెడ్ లా సొసైటీ ఆఫ్ ఐర్లండ్. 1852 నాటి రాజ శాసనం దానికి ఆధారం. ఆఫీసు డబ్లిన్‌లోని ప్రధాన కోర్టుల భవనం ఫోర్ కోర్ట్స్‌లోనే ఉండేది. ఇప్పటి బ్లాక్‌హాల్ ప్లేస్ భవనంలోకి మారింది 1978లో. 1922 అంతర్యుద్ధంలో ఫోర్ కోర్ట్స్ మీద దాడి జరిగినప్పుడు పక్కనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. శతాబ్దాల వీలునామాలు అందులోనే పోయాయి. ఆ తర్వాతి తరం సొలిసిటర్లు పాత హక్కులు నిరూపించాల్సి వచ్చినప్పుడల్లా ఈ నష్టం ఎదురయ్యేది.

హెన్రియెట్టా వీధిలోని రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌కు వెళ్ళడం ఈ ఏడాది అందరికీ బాగా నచ్చిన కార్యక్రమం. 1708 నుంచి దస్తావేజుల సారాంశాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. వాటిని మెమోరియల్స్ అంటారు. ఆ పుస్తకాలు ఎంత బరువంటే, ఒక్కోటి బల్ల మీదికి చేర్చడానికి రెండు చేతులూ చాలవు. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని చేసి వచ్చిన సభ్యురాలు ఒక పేజీ మీద వేలు పెట్టి చదువుతూ, సరిహద్దులు రాసే పద్ధతి తనకు కొత్తగా అనిపించడం లేదన్నారు.

భూమి విషయంలోనే మరో తలనొప్పి ఉంది. ప్రభుత్వ పథకాల కింద కౌలు రైతులు కొనుక్కున్న పొలాలను త్వరగా రిజిస్టర్ చేయడం కోసం, పాత హక్కులన్నీ తేల్చకుండానే, 'ఈక్విటీలకు లోబడి', అంటే ఇతరులకు హక్కులేవైనా ఉంటే వాటికి లోబడి, అని ఒక షరతు రాసేవారు. తండ్రి పేరిట ఉన్న ఆ పొలాన్ని కొడుకు అమ్మబోతే, ఆ షరతు తీయించే పని సొలిసిటర్ మీద పడేది. వారసుల్లో ఒకరు లండన్‌లో, ఇంకొకరు బోస్టన్‌లో ఉంటే ఆ కాగితాలు ఎన్నాళ్ళకు తెమలాలి? 1951, 1961 మధ్య వలసల వల్ల ఐర్లండ్ నికరంగా సుమారు 4 లక్షల మందిని పోగొట్టుకుంది. 1961 లెక్కల్లో మిగిలిన జనాభా 28 లక్షలే. 1947లో విదేశీయులు కొనే ఆస్తి మీద 25 శాతం స్టాంప్ డ్యూటీ వేశారు. దాంతో కొనేవారు ఏ దేశ పౌరులో తేల్చుకోవడం కూడా సొలిసిటర్ల పనిలో చేరింది.

1929 చట్టం ప్రకారం సొలిసిటర్ కావాలంటే ఐరిష్ భాషా పరీక్ష పాసవ్వాల్సి ఉండేది. ఆ నిబంధన 2008లో తీసేశారు. దీని మీద మన చర్చ ఊహించినట్టే తెలుగు మీడియం గొడవలోకి వెళ్ళిపోయింది కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

ఏడాదిలో మనవాళ్ళు నిజంగా గొంతు పెంచి వాదించుకున్నది 1954 సొలిసిటర్ల చట్టం మీద. 1898 చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం లా సొసైటీ చేతికి చాలా అధికారమిచ్చింది. క్లయింట్ల డబ్బుకు వేరే ఖాతా, దాని లెక్కలకు నిబంధనలు వచ్చాయి. ఏ సొలిసిటరైనా క్లయింటు డబ్బు తినేస్తే ఆదుకోవడానికి అందరి చందాలతో పరిహార నిధి పెట్టారు. "ఎవడో తిన్నదానికి నేనెందుకు కట్టాలి?" అని మన సమావేశంలోనే ఒకరు అడిగారు. కట్టకపోతే జనం ఏ సొలిసిటర్‌నూ నమ్మరన్నది దానికి వచ్చిన జవాబు.

అసలు చిక్కు క్రమశిక్షణ కమిటీ దగ్గర వచ్చింది. తప్పు చేసినవారి పేరు రోల్ నుంచి, అంటే సొలిసిటర్ల జాబితా నుంచి, కొట్టేసే అధికారం ఈ చట్టం ఆ కమిటీకే ఇచ్చింది. అలా పేరు పోయినవారు కోర్టుకెక్కారు. 1958లో ఐర్లండ్ సుప్రీంకోర్టు, జస్టిస్ కింగ్స్‌మిల్ మూర్ చదివిన తీర్పులో, ఆ అధికారం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. న్యాయం చేయాల్సింది జడ్జీలని రాజ్యాంగంలోని 34వ అధికరణ చెబుతోంది. పరిమిత న్యాయాధికారాలను ఇతరులకు ఇవ్వడానికి 37వ అధికరణ ఒప్పుకుంటుంది కానీ, బతుకుతెరువు తీసేయడం పరిమిత అధికారం కాదని కోర్టు చెప్పింది. దాని ఫలితం జైలు శిక్ష కంటే కూడా తీవ్రంగా ఉండొచ్చని వివరించింది. 1960 సవరణతో కమిటీ పని విచారణకు, నివేదికకు పరిమితమైంది. పేరు తీసేసే నిర్ణయం హైకోర్టుకు వెళ్ళింది.

హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసి వచ్చిన సభ్యులకు ఇది వింతగా తోచింది. మన దేశంలో 1961 అడ్వకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీయే పేరు తొలగించగలదు. తర్వాత అప్పీలు చేసుకోవచ్చు. తోటి వకీళ్ళకే తప్పుడు లెక్క తెలుస్తుందని ఒక వర్గం, తోటివాళ్ళ చేతిలో పెడితే పగలూ మొహమాటాలూ రెండూ వస్తాయని ఇంకో వర్గం. ఎవరూ తగ్గలేదు. నా ఓటు కింగ్స్‌మిల్ మూర్‌గారికే.

మహిళా సొలిసిటర్ల మీద ఒక్క పూటే కేటాయించగలిగాం. మేరీ డొరొతియా హెరన్, హెలెనా ఎర్లీ 1923లోనే సొలిసిటర్లయ్యారు. లా సొసైటీకి తొలి మహిళా అధ్యక్షురాలుగా మోయా క్విన్లన్ ఎన్నికైంది మాత్రం 1980లో.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపిస్తారు. క్లయింట్ ఖాతాల చర్చ విన్నాక మన విభాగం డబ్బు కూడా వేరే ఖాతాలో పెట్టాలని ఆయనే ప్రతిపాదించారు, కార్యవర్గం ఒప్పుకుంది.

వచ్చే ఏడాదికి ఉచిత న్యాయ సహాయం అనుకుంటున్నాం. ఇంగ్లండ్‌లో 1949లోనే చట్టం వస్తే, ఐర్లండ్‌లో క్రిమినల్ కేసులకు 1962 దాకా ఆగారు. సివిల్ కేసులకైతే 1979లో, లాయరును పెట్టుకునే స్తోమత లేని జొహానా ఎయిరీ వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పు వస్తేగానీ కదలలేదు. ఈ అంశం తీసుకుని మాట్లాడగలిగినవారు సర్వసభ్య సమావేశం లోపు పేరివ్వండి.

ఇట్లు,
పఠన విభాగం కార్యదర్శి