కిడ్నీ రోగుల ఫారంలో ఆడవాళ్ల కోసం లేని ప్రశ్న

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను డయాలసిస్ యూనిట్లో నర్సుని. మా దగ్గరికి వచ్చే ప్రతి మహిళ బరువు, బీపీ, హిమోగ్లోబిన్, పొటాషియం అన్నీ రాసుకుంటాం. నెలసరి వస్తోందా, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటోందా అని మాత్రం అడగం. మా ఫారంలో ఆ ప్రశ్నే లేదు. ఈ లేఖ దాని గురించే.

కిడ్నీ జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అండం విడుదల గతి తప్పుతుంది. చాలామందికి నెలసరి ఆగిపోతుంది. కొందరికి రక్తస్రావం ఎక్కువై, అసలే ఉన్న రక్తహీనత ఇంకా పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గి యోని పొడిబారితే కలయికే నరకం. డయాలసిస్ అయ్యాక వచ్చే నీరసం, డిప్రెషన్, కొన్ని బీపీ మందులు కోరికను చంపేస్తాయి. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన కాథెటర్ గొట్టం, చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన, ఉబ్బిన ఫిస్టులా భర్త కంట పడకూడదని పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేవాళ్లు ఉన్నారు. తన మీద ఇష్టం పోయిందని ఆయన అనుకుంటాడు. తనలోనే ఏదో లోపం ఉందని ఆవిడ కుమిలిపోతుంది. ఇది జబ్బు చేసే పని అని ఆ ఇద్దరికీ చెప్పేవాళ్లు లేరు.

"ప్రాణం నిలబడింది, ఇంకా అదెందుకమ్మా" అనే మాట బాగా చదువుకున్నవాళ్ల నోటే విన్నాను. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. పొడిబారడానికి జెల్ ఉంది, గైనకాలజిస్టు సలహాతో వాడే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది. రక్తహీనతకు వైద్యం ఉంది, ఇబ్బంది పెట్టే మందును మార్చొచ్చు. అడిగితేనే కదా ఇవన్నీ మొదలయ్యేది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కిడ్నీ మార్పిడి తర్వాతి కాలం. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిన కొన్ని నెలల్లోనే అండాలు మళ్లీ విడుదల కావచ్చు. ఏళ్లుగా నెలసరి లేని మనిషి తనకిక గర్భం రాదనే ధీమాతో ఉంటుంది. కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా చాలామందికి ఇచ్చే మైకోఫెనోలేట్ వాడుతుండగా గర్భం వస్తే అబార్షన్ కావచ్చు, బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. బిడ్డ కావాలనుకునేవాళ్లు మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగి, మందులు మార్పించుకుని ప్రయత్నించాలి. ఈలోపు కుటుంబ నియంత్రణకు ఏ మాత్ర పడితే ఆ మాత్ర వేసుకోకూడదు. బీపీ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఉన్నవి ప్రమాదం. ఈ మాటలు ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

2018లో ప్రపంచ కిడ్నీ దినం, మహిళా దినం మార్చి 8నే వచ్చాయి. ఆ ఏడాది అంశం కూడా మహిళల కిడ్నీ ఆరోగ్యమే. మా ఫారంలో మాత్రం ఒక్క గీత మారలేదు.

ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాలన్నిటి ఫారాల్లో నెలసరి, లైంగిక ఆరోగ్యం, గర్భనిరోధం గురించిన ప్రశ్నలు చేర్చమని ఆదేశం ఇవ్వండి. ఆ ప్రశ్నలు పక్క మంచానికి వినబడేలా కాకుండా, తోడొచ్చినవాళ్ల ముందు కాకుండా, విడిగా గదిలో అడిగే ఏర్పాటు ఉండాలి. పెళ్లికాని అమ్మాయిలనూ వదిలేయొద్దు. కిడ్నీ క్లినిక్‌కు గైనకాలజిస్టు వచ్చే రోజు ఒకటి ఖాయం చేయండి. ఫారం నమూనా తయారు చేయమంటే మా యూనిట్లో నర్సులం కూర్చుని రాసి పంపుతాం.

ఇట్లు,
ఒక డయాలసిస్ నర్సు