‘సర్దుకుపోవడం’ అని రాయకండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో ‘సర్దుకుపోతే నొప్పి మాయం!’ అనే శీర్షికతో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. శీర్షికలో ఉన్నవి మూడు మాటలు. వాటిలో రెండు తప్పు. ‘నొప్పి’ ఒక్కటే సరైన మాట, అది నాకు ఉంది కనుక చెప్పగలను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. తప్పు కనిపిస్తే చెయ్యి దానంతట అదే ఎర్ర సిరా కలం కోసం వెతుకుతుంది, మన్నించాలి.

యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ గురించి, అంటే నొప్పినీ దిగులునూ తరిమేయడానికి బదులు అవి ఉండగానే మనకు ముఖ్యమైన పనులు చేయడం నేర్పే మానసిక చికిత్స గురించి, తెలుగులో రాయడమే అరుదు. రాసినందుకు మీకు ధన్యవాదాలు చెప్పాల్సిందే. కానీ దాన్ని మీరు ‘ఏసీటీ’ అని అక్షరాలు విడదీసి రాశారు. ఆ రంగంలో ఉన్నవాళ్లు ‘యాక్ట్’ అని ఒకే మాటగా పలుకుతారు. పని చేయడం అనే అర్థం అందులో వినపడాలనే అలా పలుకుతారట. మీ వ్యాసంలో ఆ పని చేయడమే జారిపోయింది.

నా సంగతి కొంత చెప్పక తప్పదు. 2017 ఆగస్టులో వాన పడుతుండగా బడి గేటు దగ్గర స్కూటీ జారి పడ్డాను. ఎముకలేవీ విరగలేదు. నడుములో ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్కు కాస్త పక్కకు జరిగిందన్నారు, ఆపరేషన్ అవసరం లేదన్నారు. బెల్టు, మాత్రలు, ఫిజియోథెరపీ, నూనె మర్దనాలు అన్నీ అయ్యాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ‘నొప్పి తగ్గాక’ అనే మాట పాతుకుపోయింది. నొప్పి తగ్గాక పెళ్లికి వెళదాం, నొప్పి తగ్గాక తిరుపతి వెళదాం. ముందు నేల మీద కూర్చోవడం మానేశాను, తర్వాత బస్సెక్కడం, ఆ తర్వాత సంక్రాంతి ముగ్గు. చివరికి సాయంత్రాలు మా వరండాలో పదో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెప్పడం కూడా మానేశాను. దీనికంతటికీ నాలుగేళ్లు పట్టింది. ఒక్కసారిగా పోయి ఉంటే ఎవరైనా గమనించేవారేమో.

ఆ నాలుగేళ్లూ నేనొక గ్రాఫు పుస్తకం రాశాను. రోజూ రాత్రి నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి చుక్క పెట్టేదాన్ని. మా అన్నయ్య కూతురు క్లినికల్ సైకాలజీ చదువుతోంది. ఒకసారి సెలవులకు వచ్చి ఆ పుస్తకం తిరగేసి, “అత్తయ్యా, నొప్పి ఎంతో రాశావు, ఆ రోజు నువ్వు ఏం చేశావో ఎక్కడా రాయలేదే” అంది. నాకు కోపం వచ్చింది. తప్పు చేసిన పిల్లవాడికి కోపం వచ్చినట్టే వచ్చింది.

తనే ఒక తెలుగు సైకాలజిస్టును చూసిపెట్టింది. వారానికి గంట చొప్పున ఎనిమిది వారాలు వీడియోలో మాట్లాడాను. ఆవిడ నొప్పి తగ్గిస్తానని ఒక్కసారీ అనలేదు. ‘నా నడుము ఇక ఎందుకూ పనికిరాదు’ అని నేనంటే, ఆ వాక్యాన్నే ‘నా నడుము ఎందుకూ పనికిరాదు అనే ఆలోచన ఇప్పుడు నాకు వస్తోంది’ అని చెప్పి చూడమనేవారు. మొదట చాదస్తంగా తోచింది. మూడో వారానికి నా భాషలో అర్థమైంది: ఇది బ్రాకెట్టు పెట్టడం. లోపలి పదం అలాగే ఉంటుంది. కానీ దాన్ని మొత్తంగా ఒక పదంగా పట్టుకుని లెక్క ముందుకు నడపవచ్చు. ఇంకో వారం, నొప్పి మీద పెట్టే ఈ సమయమంతా చేతిలో ఉంటే ఏం చేసేవారని అడిగారు. ఆలోచించకుండానే వరండా అన్నాను. ఆ సోమవారమే ఇద్దరు పిల్లలను పిలిచి ఇరవై నిమిషాలు నిలబడి త్రికోణమితి చెప్పాను. ఆ రాత్రి చుక్క ఆరు నుంచి ఏడుకు ఎక్కింది.

ఇప్పుడు ఐదుగురు వస్తున్నారు, వారానికి మూడు రోజులు, నలభై నిమిషాలు. ఎత్తయిన స్టూలు ఒకటి కొన్నాను. నా పుస్తకం ప్రకారం ఆ ఎనిమిది వారాలకు ముందు ఆరు నెలల నొప్పి సగటు 6.1, తర్వాతి ఆరు నెలలది 5.8. ఆ తేడాను నేను తేడా అనను. ఇల్లు దాటిన రోజులు మాత్రం నెలకు నాలుగు నుంచి పదిహేడు అయ్యాయి. అన్నీ కుదిరాయనుకోకండి. అద్దంకిలో పిన్ని మనవరాలి పెళ్లికి పట్టుదలగా బస్సులో వెళ్లి, ముహూర్తం కాగానే భోజనం కూడా చేయకుండా వెనక్కి వచ్చి మూడు రోజులు మంచం మీదే ఉన్నాను. మా వారు ఏమీ అనలేదు, అదొక్కటి మేలు.

ఇక మీ శీర్షికలోని మొదటి మాటకు వస్తాను. నా పెళ్లిలో అప్పగింతల వేళ మా అమ్మ చెవిలో చెప్పిన మాట ‘సర్దుకుపోవాలి’. మన ఇళ్లలో ఆ మాట వినని కోడలు ఉండదు. మీ వ్యాసాన్ని గట్టిగా చదివి వినిపించే అత్తగారు ఏదో ఒక ఊళ్లో తప్పకుండా ఉండి ఉంటారు. ‘చూశావా, పరిశోధనలో కూడా తేలింది’ అని ఉంటారు. పరిశోధకులు చెప్పే అంగీకారం మన లోపల కలిగే వాటి గురించి: నొప్పి, దిగులు, భయం, పాత జ్ఞాపకం. వాటిని తరిమేయడానికే బతుకంతా ఖర్చు పెట్టవద్దంటారు. కొట్టే భర్తను, జీతం ఎగ్గొట్టే యజమానిని, మార్చగలిగిన పరిస్థితిని భరించమని అందులో ఎక్కడా లేదు. పైగా భయం ఉండగానే వెళ్లి ఫిర్యాదు ఇవ్వడం ఆ పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

చిత్రమేమిటంటే సరైన మాట మీ మాట పక్కనే ఉంది. ఈ చికిత్సలో బస్సు ఉపమానం ఒకటి చెబుతారు. నడిపేది మనం, ఎక్కిన గయ్యాళి ప్రయాణికులు మన ఆలోచనలు. వాళ్లను దింపడానికి బస్సు ఆపుకుని కూర్చుంటే ఊరు చేరం. ఆ సైకాలజిస్టు ఇది చెప్పగానే నాకు పల్లెవెలుగు కండక్టరు గొంతు వినిపించింది: ‘కొంచెం సర్దుకోండమ్మా!’ చేపల బుట్టతో ఒకావిడ ఎక్కుతుంది. వాసన మనకు ఇష్టం లేదు. అయినా ఒళ్లోని సంచి జరిపి చోటిస్తాం, మన స్టాపులో మనం దిగుతాం. సర్దుకోవడానికి, సర్దుకుపోవడానికి మధ్య ఉన్న ఆ ‘పోవడం’లో ఎంత పోతుందో తెలుగు తెలిసిన మీకు నేను చెప్పాలా? ‘చోటివ్వడం’ అని రాసినా సరిపోయేది.

ఈ చికిత్స పెంచాలనుకునే ‘సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ’ని మీరు ‘మానసిక స్థితిస్థాపకత’ అన్నారు. అది భౌతికశాస్త్రంలో ఎలాస్టిసిటీకి వాడే మాట. బలం తీసేస్తే పాత ఆకారానికి తిరిగి రావడం. ఆ లెక్కన రబ్బరు కన్నా ఉక్కుకే అది ఎక్కువ అని మా ఫిజిక్స్ మాస్టారు ప్రతి ఏడూ పిల్లల్ని ఆశ్చర్యపరిచేవారు. నేను పాత ఆకారానికి తిరిగి రాలేదు, వచ్చే ఆశా లేదు. బాధ ఉన్నప్పుడు కూడా, ఎదుట ఏం జరుగుతోందో చూసుకుని, మనకు ముఖ్యమైన దాని కోసం నడత కొనసాగించగలగడం లేదా మార్చుకోగలగడం ఇక్కడి అర్థం. ‘నమ్యత’ అనండి, పుస్తకాల్లో ఉన్న మాటే.

ఇక అంకెలు. స్వీడన్ అధ్యయనంలో ఈ చికిత్స పొందినవారు ఆరు నెలల్లో సగటున అర రోజు అనారోగ్య సెలవు పెడితే, మామూలు వైద్యం మాత్రమే పొందినవారు 56 రోజులు పెట్టారని రాశారు. నిజమే, 2004లో వచ్చిన పత్రమది. నా మేనకోడలు అచ్చు తీసి ఇస్తే చదివాను. ఒత్తిడి, నొప్పులతో దీర్ఘకాల సెలవులోకి వెళ్లే ప్రమాదం ఉన్న ప్రజారోగ్య సిబ్బందికి గంట చొప్పున నాలుగు సార్లు ఇచ్చారు. కానీ ఆ అధ్యయనంలో రెండు వర్గాలూ కలిపి 19 మందే! నా వరండాకు నాలుగు రెట్లు లేరు. అంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురు నెలల తరబడి సెలవు పెడితే సగటు ఎక్కడికో వెళుతుంది. బడిలో మధ్యగతం, అంటే వరసలో పెట్టిన అంకెల్లో నడిమిది, నేర్పేది ఇందుకే. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి మీరు వదిలేశారు: నొప్పి తీవ్రతలో ఆ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే మీ ‘మాయం’ను మీరు ఉదహరించిన పత్రమే కొట్టేస్తోంది.

‘అమెరికాలో కొత్తగా కనుగొన్న’ అన్నది కూడా సరికాదు. స్టీవెన్ హేస్ అనే మనస్తత్వవేత్త దీన్ని 1980ల మొదట్లోనే మొదలుపెట్టారు. అంతకు ముందు, 1978లో, సొంత విభాగం సమావేశంలో సాటి ఆచార్యులు పోట్లాడుకుంటుంటే ఆయనకే మొదటిసారి పానిక్ అటాక్ వచ్చిందట, మాట పెగల్లేదట. స్టాఫ్ మీటింగుల్లో ముప్పై ఏళ్లు కూర్చున్న దాన్ని, నేను సులువుగానే నమ్ముతాను.

మిగతా చికిత్సలన్నిటి కన్నా మెరుగైనదన్న ధ్వని కూడా వ్యాసంలో ఉంది. 2015లో 39 ట్రయల్స్‌ను, అంటే 1,821 మందిని, కలిపి లెక్కవేసినప్పుడు ఇది మామూలు వైద్యం కన్నా, వెయిటింగ్ లిస్టులో ఉంచడం కన్నా మెరుగ్గా తేలింది. ఆలోచనలనూ నడతనూ మార్చుకోవడం నేర్పే, అప్పటికే స్థిరపడిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వంటి వాటి కన్నా మెరుగని తేలలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే ‘నైస్’ సంస్థ కూడా 2021లో, వేరే జబ్బుతో వివరించలేని దీర్ఘకాలిక నొప్పికి ఈ రెండింటిలో ఏదైనా పరిశీలించవచ్చని చెప్పింది, ఒకదానికి పెద్దపీట వేయలేదు. అదే పత్రంలో అలాంటి నొప్పికి పారాసెటమాల్ వంటివి కొత్తగా మొదలుపెట్టవద్దని కూడా ఉంది. దాన్ని పట్టుకుని మీరు ‘మందులతో పనిలేదు’ అని రాశారు. మా వీధిలో ఇద్దరు ఆ వాక్యం నాకు చూపించారు. వాళ్లలో ఒకావిడకు కీళ్లవాతం, అంటే కారణం తెలిసిన నొప్పి, ఆ సలహా దానికి కాదు. దయచేసి ఆ ఒక్క వాక్యానికైనా వెంటనే సవరణ వేయండి.

నమ్యతను కొలిచే పద్ధతి మీద కూడా వివాదం ఉంది. ఎక్కువగా వాడేది ఏడు ప్రశ్నల పత్రం, 2011 నాటిది. అది నమ్యతను కొలుస్తోందా, మనిషి ఎంత బాధలో ఉన్నాడన్నదే కొలుస్తోందా అని తర్వాత పలువురు పరిశోధకులు నిలదీశారు. ప్రశ్న భాష అర్థం కాక తప్పిన పిల్లవాడికి లెక్కలు రావని రాసిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకదాన్ని కనుక ఆ అనుమానం విలువ నాకు తెలుసు.

మీరు రాయాల్సిన అసలు వార్త వేరే ఉంది. ఎనిమిది వారాలకు గంటకు పన్నెండు వందల చొప్పున ఇచ్చాను, నా పింఛను మీద గడిచింది. నా దగ్గరికి వచ్చే పిల్లల తల్లులు పొగాకు గ్రేడింగు పనికి వెళతారు, వాళ్లకూ నడుములున్నాయి. ఉగాండా ఉత్తర ప్రాంతంలో, దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన శరణార్థి మహిళల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఒక కార్యక్రమాన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. దాని మూలం ఈ చికిత్సే. పాల్గొన్నవారు 694 మంది. రికార్డు చేసిన గొంతు, బొమ్మల పుస్తకం, గుంపుగా కూర్చుని వినే ఐదు పాఠాలు. నడిపించినవారు మానసిక వైద్య నిపుణులు కాదు, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మహిళలు. మూడు నెలల తర్వాత మానసిక బాధ తగ్గింది. బ్రహ్మాండంగా తగ్గలేదు, ఓ మోస్తరుగా. ఇటువంటిది మన పొదుపు సంఘాల సమావేశాల్లో, మన గొంతుతో, మన బస్సు ఉపమానంతో ఎందుకు చేసి చూడకూడదని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ అడగండి. మన దేశంలో ఈ పద్ధతిని పరీక్షించడం కొత్తేమీ కాదు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 18 మందితో దీన్నీ యోగానూ పోల్చి చూసిన అధ్యయనం 2008లోనే వచ్చింది. రెండు వర్గాల్లోనూ మూర్ఛలు తగ్గాయి. ఇదీ చిన్న గుంపే, దీనికీ పెద్ద శీర్షిక పెట్టకండి.

ఎవరికైనా వెంటనే మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. వ్యాసం చివర బాక్సులో అది కూడా వేసి ఉండాల్సింది.

ఉత్తరం పెద్దదైందని తెలుసు. మధ్యలో మూడుసార్లు లేచి వరండాలో తిరిగి వచ్చి రాశాను. కత్తిరించక తప్పకపోతే నా నడుము గొడవ కత్తిరించండి, అంకెలు ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయిని,
ఒంగోలు