ప్రతి ఉబ్బరమూ గ్యాస్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కడుపు ఉబ్బరానికి చిట్కాలు వస్తుంటాయి. చదువుతాను, కొన్ని పాటిస్తాను కూడా. కానీ ఏ ఉబ్బరానికి చిట్కా పనికిరాదో ఒక్క ముక్కయినా ఉండదు. సర్జికల్ వార్డులో నర్సుగా చేసి రిటైరయినదాన్ని కాబట్టి ఆ ముక్క నేను రాస్తున్నాను.

పేగు మెలిక పడటం అనే జబ్బుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా పెద్దపేగు చివరనుండే సిగ్మాయిడ్ భాగం మెలి తిరుగుతుంది. ఏళ్ల తరబడి మలబద్ధకం ఉన్నవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే ఇంట్లోవాళ్లు 'ఆయనకిది మామూలేగా' అనుకుంటారు. మామూలు మలబద్ధకంలో గ్యాసైనా పోతుంది, ఇక్కడ అదీ ఆగిపోతుంది. పొట్ట పెరుగుతూ పోతుంది, వేలితో తడితే డొల్లగా మోగుతుంది. వాంతులు ఆలస్యంగా మొదలవచ్చు, వాటికోసం చూస్తూ కూర్చోకూడదు. వార్డుకొచ్చినవాళ్లను 'గ్యాస్ ఎప్పుడు పోయింది?' అని అడిగితే కొందరు సిగ్గుపడి నవ్వేవారు. సిగ్గెందుకండీ, సగం జబ్బు అక్కడే తెలుస్తుంది!

ఎక్స్‌రేలో ఉబ్బిన పేగు పెద్ద కాఫీ గింజలా కనబడుతుంది. ప్రతిసారీ అంత స్పష్టంగా ఉండదు. సీటీ స్కాన్‌లో పేగూ రక్తనాళాలూ సుడి తిరిగి కనబడితే డాక్టర్లకు రూఢి అవుతుంది. పేగు ఇంకా పాడవకపోతే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి మెలిక విప్పుతారు. గాలి బుస్సున వచ్చి పొట్ట కళ్లముందే దిగిపోతుంది. వెంటనే ఇంట్లోవాళ్లు 'తగ్గిపోయింది, ఇంటికి పంపండి' అంటారు. ఆ తొందరే వద్దు. చాలామందికి మళ్లీ పడుతుంది కాబట్టి ఆపరేషన్ సంగతి అప్పుడే తేల్చుకోవాలి. జ్వరం, గుండెదడ, చెయ్యి వేయనివ్వనంత నొప్పి ఉంటే పేగు కుళ్లుతోందేమోనని అనుమానించాలి. అప్పుడిక ఆపరేషనే.

పసిపిల్లల సంగతి వేరు. పుట్టుకతో పేగు సరిగా అమరని బిడ్డలకు, ముఖ్యంగా మొదటి నెలలో, చిన్నపేగు మెలిక పడొచ్చు. పొట్ట ఉబ్బకపోవచ్చు కూడా. కొద్దిగా పాలు కక్కడం మామూలే. ఆకుపచ్చగా పసరు కక్కితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అది మెలికే అయితే గంటల్లో పేగు చచ్చుబడొచ్చు. ఆ వాంతి అంటిన గుడ్డ ఉతక్కుండా డాక్టరుకు చూపించండి.

అనుమానం ఉంటే ఇంట్లో విరేచనాల మందు, ఎనిమా వద్దు. నోటికేమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈసారి చిట్కాలు వేసేటప్పుడు ఈ నాలుగు మాటలూ కిందనే వేయండి, కాస్త పెద్ద అక్షరాల్లో. ఇవి ఎక్కువగా అవసరమయ్యేది మా వయసువాళ్లకే.

- ఒక రిటైర్డ్ నర్సు