శీనుగాడికి, పచ్చ గ్లాసు సంగతి

ఒరేయ్ శీనుగా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో, జవాబు ఇప్పుడు రాస్తున్నా. తిట్టాలనుంటే ముందే నోరారా తిట్టేసుకుని తర్వాత చదువు. ఇల్లు మారాం, సగం సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. ఉద్యోగం అదే. చెల్లికి సంబంధం కుదిరేలా ఉంది, ఖాయమయ్యాక ఫోన్ చేస్తా. చిన్నోడు సైకిల్ తొక్కేస్తున్నాడు. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఇది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, చెబితే నీకే చెప్పాలి, నీలం గొడుగు రోజుల నుంచీ మా బాబాయి పట్టుదల ఎలాంటిదో తెలిసిన మనిషివి నువ్వొక్కడివే.

బాబాయికి గుండె సరిగా ఒకే లయలో కొట్టుకోదనీ, దానికోసం వార్ఫరిన్ వాడుతున్నాడనీ నీకు తెలుసుగా. అందరూ రక్తం పలచబడే మందు అంటారు, నిజానికి రక్తం త్వరగా గడ్డకట్టకుండా చేసే మందు. అది వాడేవాళ్లు ఎప్పటికప్పుడు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. బాబాయికి ఆ అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డలు కట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం, పెరిగితే ఎక్కడో ఒకచోట రక్తస్రావం. ఎంతో కాలంగా చక్కగా మధ్యలోనే ఉంటోంది. ఈసారి 1.4 వచ్చింది.

డాక్టరు ఆ కాగితం చూసి మొదట అడిగింది ఒకటే, మాత్రలు మర్చిపోతున్నారా అని. బాబాయికి ఎక్కడలేని రోషం వచ్చింది. సంచీలోంచి మాత్రల డబ్బా తీసి బల్లమీద పెట్టాడు, వారానికి ఏడు గళ్లు, ఆ రోజు దాకా అన్నీ ఖాళీ. కొత్త మందులేమైనా? లేవు. యాంటీబయాటిక్స్? లేవు. డాక్టరు కాసేపు ఆలోచించి, పక్క గదిలో తిండి గురించి సలహా చెప్పే డైటీషియన్ ఉన్నారు, ఒకసారి కలవండి అన్నాడు. బాబాయి నావైపు చూసిన చూపు నీ డ్రాయింగు పరీక్ష రోజు చూపురా, అచ్చం.

ఆవిడ ఏం చేసిందో చెప్తా విను, నాకు అంతగా నచ్చింది అదే. ఏం తినాలో ఏం తినకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. పెన్ను తీసి, "నిన్న నిద్ర లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా మీ నోట్లోకి ఏమేం వెళ్లాయో చెప్పండి, మంచినీళ్లతో సహా" అంది. బాబాయి వరసగా చెప్పుకుపోయాడు. ఆవిడ రాసుకుంది. అంతా అయిపోయి పేజీ తిప్పబోతుంటే వెనక కుర్చీలోంచి మా పిన్ని, "ఆ పచ్చ గ్లాసు చెప్పరేం?" అంది.

"అది తిండి కాదు కదే, ఒంటికి మంచిదని తాగేది" అన్నాడు బాబాయి.

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

సంగతేంటంటే, ఎవరో వీడియోలో చెప్పారట, పచ్చి ఆకుకూరలు రుబ్బి పరగడుపున పెద్ద గ్లాసు తాగితే ఒంట్లో విషాలన్నీ కడుక్కుపోతాయని. బాబాయి ఏదైనా మొదలుపెడితే తప్పడు కదా, కిందటి పరీక్ష అయిన మర్నాటి నుంచి ఒక్కరోజు కూడా మానకుండా తాగుతున్నాడు, అందులో సగానికి సగం పాలకూర. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా. ఎవరు మాత్రం వద్దంటార్రా, ఆకుకూరలు మంచివి కాదని ఏ పుస్తకంలోనైనా ఉందా?

అక్కడే ఉంది కీలకం. నేను ఆవిడ చెప్పింది విని ఇంటికొచ్చి ఎంతసేపు చదివానో చెప్పలేను. మనం స్కూల్లో చదివిన పాఠం గుర్తుందా, పిండిపదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకి 4 కిలోక్యాలరీలు, కొవ్వు 9, అవి ఒంటికి శక్తినిస్తాయి. విటమిన్లు శక్తి ఇవ్వవు, కానీ అవి లేకపోతే ఒంట్లో పనులు సాగవు. మొత్తం 13 ఉన్నాయి, వాటిలో ఏ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. ఈ కె ఉంది చూడు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లను కాలేయం తయారు చేయాలంటే అది ఉండి తీరాలి. ఒకసారి పనిచేశాక విటమిన్ కె వాడేసిన సీసా లాంటిది అవుతుంది, ఒక ఎంజైము దాన్ని మళ్లీ నింపి పనిలో పెడుతుంది. వార్ఫరిన్ చేసే పనల్లా ఆ ఎంజైముకి అడ్డుపడటమే. సీసాలు మళ్లీ నిండవు, గడ్డకట్టే ప్రొటీన్లు తగ్గుతాయి. మరి నువ్వు రోజూ పొద్దున్నే బయటినుంచి నిండు సీసాలు తెచ్చి కుమ్మరిస్తే? మందు వేసుకున్నా చాలదు. 100 గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 480 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది, మగవాళ్లకి రోజుకి 120 చాలని అమెరికా ప్రమాణాలు చెప్తాయి. బాబాయి గ్లాసులో ఎంత ఉంటుందో నువ్వే లెక్కేసుకో, లెక్కల్లో నువ్వే కదా మన రాజుగారు.

ఇంకో ముచ్చట చెప్పి తీరాలి. ఈ మందు పుట్టిందే మేతలోంచి! 1920ల్లో అమెరికా ఉత్తర ప్రాంతాల్లో, కెనడాలో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే ఎండుగడ్డి తిన్నవాటికే అలా అయ్యేది. 1933లో ఒక రైతు చచ్చిన ఆవునీ, పాలక్యానులో గడ్డకట్టని దాని రక్తాన్నీ వేసుకుని మంచుతుఫానులోనే విస్కాన్సిన్ యూనివర్సిటీకి వెళ్లాడట. అక్కడ కార్ల్ లింక్ బృందం ఏళ్లతరబడి కష్టపడి అందులోని పదార్థాన్ని పట్టుకుంది. దాని తోబుట్టువే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది, 1954లో మనుషులకి వాడటానికి అనుమతి దొరికింది. తిండి, మందు, విషం ఈ మూడింటికీ మధ్య గోడలు ఎంత పలచనో చూడు... సర్లే, ఇందులోకి దిగితే తెల్లారిపోతుంది.

బాబాయి ఏమన్నాడో తెలుసా? "అయితే ఈ రోజు నుంచి ఆకుకూర ముట్టను." నేననుకున్నాను ఆవిడ సరే అంటుందని. వద్దంది! అదీ ప్రమాదమేనంది. ఎందుకంటే మందు మోతాదు ఆయన మామూలుగా తినే తిండిని బట్టి కుదిరి ఉంటుంది, ఉన్నట్టుండి కె తగ్గిపోతే అదే మోతాదు ఎక్కువైపోయి రక్తస్రావం దాకా వెళ్లొచ్చు. మానొద్దు, పెంచొద్దు, వారం వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తినండి, ఏదైనా మార్చాలనుకుంటే ముందు మాకు చెప్పండి, పరీక్ష తేదీ ముందుకి జరుపుదాం అంది. విషాలు పోవడం సంగతేంటని బాబాయి పట్టుబట్టి అడిగాడు. ఆ పని మీ కాలేయం, మూత్రపిండాలు పగలూ రాత్రీ చేస్తూనే ఉన్నాయండీ, వాటికి పచ్చ గ్లాసు అక్కర్లేదు అంది.

నాకు ఆ వీడియో మీద ఎంత కోపం వచ్చిందో. మొత్తం చూశాను. ఎక్కడా, ఒక్కసారి కూడా, ఫలానా మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగండి అనే మాట లేదు. చివర్లో ఒక పొడి అమ్మకానికి ఉంది. చెప్పినవాటిలో కొన్ని నిజాలే, ఆకుకూరలో పీచు ఉంటుంది, ఫోలేట్ అనే విటమిన్ ఉంటుంది, అన్నీ నిజమే. నిజాన్నే ఎవరికి, ఎంత అనే రెండు మాటలు తీసేసి చెప్తే మనిషి ప్రాణం మీదికి వస్తుందిరా. అబద్ధమైతే పట్టుకోవడం తేలిక, ఇలాంటిదే కష్టం.

ఇది ఒక్క బాబాయి సంగతి కాదు. బీటా కెరోటిన్ కథ చూడు. అది ఉన్న కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించేది, అయితే మాత్రలుగా ఇద్దాం అనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద పరీక్షించారు. 1994లో ఫలితం వస్తే, ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో అలాంటిదే ఇంకో ట్రయల్‌ని 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. కూరగాయల్లో ఉన్నప్పుడు ఏ హానీ కనిపించనిది పొగతాగేవాడికి మాత్రగా ఇస్తే అలా అయింది. ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, వాళ్లందరూ మంచి జరుగుతుందనే కదా మింగింది...

ఎక్కడ చూడాలి మరి అని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థల కింద ఆఫీస్ ఆఫ్ డయటరీ సప్లిమెంట్స్ అని ఒకటుంది. ఒక్కో విటమిన్‌కీ, ఖనిజానికీ ఒక్కో పత్రం ఉచితంగా పెట్టారు, మామూలు మనుషులకి సులువుగా ఒకటి, డాక్టర్లకి వివరంగా ఇంకొకటి. ప్రతిదాంట్లోనూ ఏ మందులతో పడదో చెప్పే భాగం ఉంటుంది, నువ్వు ముందు అదే తెరువు. వార్ఫరిన్ మాట విటమిన్ కె పత్రంలో సాఫ్‌గా రాసి ఉంది. ఇక ఫలానాది తింటే ఫలానా జబ్బు పోతుందా అనే ప్రశ్నలకి కాక్రేన్ అనే సంస్థ రాసే సమీక్షలు. వాళ్లు 1993 నుంచి ఉన్నారు. ఒక్క స్టడీ పట్టుకుని ఊగకుండా, ఒక ప్రశ్న మీద జరిగిన ట్రయల్స్ అన్నీ వెతికి ఒకచోట పెట్టి తూకం వేస్తారు. లైనస్ పాలింగ్ అంతటివాడు, రెండు నోబెల్ బహుమతులు వచ్చినవాడు, విటమిన్ సి పెద్ద మోతాదులో రోజూ తీసుకుంటే జలుబు దగ్గరికి రాదన్నాడు. కాక్రేన్ వాళ్లు ట్రయల్స్ అన్నీ చూస్తే, మామూలు జనంలో జలుబు రావడం తగ్గలేదు, వచ్చినప్పుడు ఉండే కాలం కాస్త తగ్గింది, అంతే. పేరు ఎంత పెద్దదైనా లెక్క వేరేగా చూడాల్సిందే.

డైటీషియన్ అని పిలిపించుకోవాలంటే చాలా దేశాల్లో చదువు, రిజిస్ట్రేషన్ ఉండాలి. న్యూట్రిషనిస్ట్ అని మాత్రం చాలాచోట్ల ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. బాబాయిని ఎవరి దగ్గరికైనా పంపేముందు నేనిక అది అడిగే పంపుతా.

ఆ, బాబాయి ఇప్పుడు బాగున్నాడు. మొన్నటి పరీక్షలో 2.2. పిన్ని ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది, వారంలో ఏ రోజు ఆకుకూరో రాసి. బాబాయి దానికింద సంతకం కూడా పెట్టాడు, నువ్వుంటే మనిద్దరం ఆ సంతకం చూసి ఎంతసేపు నవ్వేవాళ్లమో. కానీ ఆ 1.4 కాగితం చేతిలో పట్టుకున్న రోజు మాత్రం నవ్వు రాలేదురా. పిన్ని ఆ ఒక్క మాట అనకపోయుంటే, మోతాదు పెంచేవారు, ఆ తర్వాత ఎప్పుడో బాబాయి విసుగొచ్చి గ్లాసు మానేసేవాడు, అప్పుడు... వద్దులే.

ఇదంతా ఇంత పొడుగ్గా రాయడానికి ఇంకో కారణం ఉంది. మీ అమ్మ మామూలు ఉప్పు మానేసి తక్కువ సోడియం ఉప్పుకి మారిందని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. అలాంటి ఉప్పుల్లో సోడియం కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మంచిదే! చైనాలో 600 పల్లెల్లో, సుమారు 21 వేల మందితో చేసిన ట్రయల్ 2021లో వచ్చింది, ఆ ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో పెద్దవాళ్లకి దాన్ని సిఫారసు చేసింది, కానీ మూత్రపిండాలు సరిగా పనిచేయనివాళ్లకి అది వర్తించదని కూడా చెప్పింది. వాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది. బీపీ మాత్రల్లో కూడా కొన్ని పొటాషియాన్ని పెంచుతాయి, పేరు చివర ప్రిల్ అనో సార్టాన్ అనో ఉండేవి. అమ్మ వాడే బీపీ మాత్ర పేరేంటి? కిడ్నీ పరీక్ష ఈమధ్య చేయించారా, అందులో క్రియాటినిన్ అనే అంకె ఎంత వచ్చింది? ఉప్పు ప్యాకెట్ వెనక పొటాషియం ఎంత రాశారో చూడు. మూడూ ఒక కాగితం మీద రాసుకుని ఈ వారమే డాక్టరుకి చూపించు, అంతవరకు పాత ఉప్పే, కాస్త తక్కువగా వేసుకోమను. అమ్మ వినకపోతే నాకు ఫోన్ కలిపివ్వు, నేను చెప్తే వింటుంది, తాడు పందెం నాటి నుంచీ నా మాటే కదా

కింద ఆటో వచ్చేసింది, చిన్నోడి స్కూలు వదిలే టైమ్, చెల్లి సంబంధం గురించి మొత్తం మిగిలిపోయింది, మాత్ర పేరు మాత్రం ఈ రాత్రికే మెసేజ్ పెట్టు.

నీ
మూర్తి